తొమ్మిదో రోజు ప్లేట్లు

"ఇంకోసారి కడుక్కుని రాకూడదూ" అన్నాడు భర్త, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. కోపంగా అనలేదు. ఆయనకు కోపం రాదు. టీ కప్పు అందిస్తున్నప్పుడు ఆమె వేళ్ళు ఆయన ముక్కుకు జానెడు దూరంలోకి వచ్చాయి, అంతే. అప్పటికే ఆమె మూడుసార్లు చేతులు కడుక్కుంది. ఫ్యాక్టరీలో ఒకసారి, ఇంటికి రాగానే ఒకసారి, టీ పెట్టే ముందు ఒకసారి. నాలుగోసారి సింకు దగ్గర నిలబడి సబ్బు నురగతో గోళ్ళ సందులు రుద్దుకుంటుంటే వెనక నుంచి ఆయన మాట మళ్ళీ వినిపించింది. "పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నట్టుంది." హాల్లో అత్తగారు నవ్వింది. ఆమె కూడా నవ్వింది. మాట బాగానే ఉంది మరి. మొదటిసారి విన్నప్పుడు ఇంకా బాగుంది. ఈ ఏడాదిన్నరలో అది ఎన్నోసారో ఆమె లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడమే ఆమె ఉద్యోగం కాబట్టి ఇంట్లో కూడా ఆ పని పెట్టుకోకూడదనుకుంది.

లవంగం వాసన సబ్బుకు లొంగదు. దాల్చినచెక్క కాస్త నయం, పొద్దుగూకేసరికి దిగిపోతుంది. నిమ్మగడ్డి అయితే బస్సు దిగేలోపే మర్యాదగా సెలవు తీసుకుంటుంది. లవంగం మాత్రం పిలవని చుట్టంలా వచ్చి తిష్ఠ వేస్తుంది. దాని గురించి ఆమెకు ఫిర్యాదు లేదు. ఆమె బాధంతా ఇంకొకటి. పెళ్ళైన కొత్తలో ఇదే మనిషి ఆమె మణికట్టు పట్టుకుని ముక్కుకు ఆనించుకుని, "ఈ వాసన ఏ కొట్లో అమ్ముతారు?" అని అడిగేవాడు. అప్పట్లో ఆమె చేతులు పులిసిన రొట్టెపిండి వాసన వేసేవి. పొద్దస్తమానం యూనివర్సిటీ ల్యాబులో ఈస్టు పెంచేది మరి. ఆ వాసన ఎవరికైనా నచ్చుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఆయనకు నచ్చింది. ఇప్పుడు సింకు ముందు నిలబడి తడి చేతిని తనే ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. లవంగం, సబ్బు. ఎవరైనా ఒక్కసారి ఈ చేయి పట్టుకుని, ఇవాళ ఏం చేశావని అడిగితే బాగుండునని ఎంత గట్టిగా అనిపించిందంటే, కొళాయి కట్టడం మరిచిపోయింది. "నీళ్ళు పోతున్నాయి" అని అత్తగారు గుర్తు చేసింది.

ఈస్టు అంటే ఇంట్లో అందరికీ పిండిని పొంగించే పొడి. ఆమెకు అది పదహారేళ్ళ కిందట సగంలో ఆపేసిన మాట. మైక్రోస్కోపు కింద తల్లి కణం పక్కన చిన్న బుడిపె లేస్తుంది. అది ఉబ్బుతుంది, విడిపోతుంది, విడిపోయి తనూ తల్లి అవుతుంది. దానికి పురుడు పోసేవాళ్ళు ఉండరు, బారసాల చేసేవాళ్ళు ఉండరు. గంటల తరబడి చూసేది. పిహెచ్‌డి చేస్తున్నప్పుడు కిటికీ పక్కన ఆమెకంటూ ఒక బల్ల ఉండేది. మధ్యాహ్నం మూడింటికి ఎండ సరిగ్గా ఆ బల్ల మీద చదరంగా పడేది. పాఠం చెప్పే మేడం, "నీ బల్ల ఎక్కడికీ పోదు, వెళ్ళిరా" అని పెళ్ళికి పంపింది. పెళ్ళైన మూడో నెలలో మామగారు మంచం పట్టారు. "ఒక్క ఆరు నెలలు ఆగు" అన్నాడు భర్త. చేయి పట్టుకుని, బతిమాలినట్టే అన్నాడు. ఆరు నెలలకు మామగారు పోయారు. ఆ పైన పాప కడుపున పడింది. "పాప నడక నేర్చే దాకా" అంది అత్తగారు. నడక నేర్చాక బడి, బడి తరవాత పరీక్షలు. మానెయ్యమని ఎవరూ అనలేదు. ఆ మాట ఎవరైనా అని ఉంటే దెబ్బలాడేది. ఆమెకు నోరు లేక కాదు. దెబ్బలాడటానికి ఎదుట ఎవరూ నిలబడలేదు, అదీ సంగతి.

భర్త కాలేజీలో చరిత్ర చెబుతాడు. ఏ రాజు ఏ రాజుని ఎందుకు ఓడించాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు కానీ, ఉప్పు డబ్బా ఏ అరలో ఉందో మెలకువగా ఉన్నా చెప్పలేడు. ఊరంతా ఆయన్ని మెత్తని మనిషంటారు. నిజమే. ఆరేళ్ళ కిందట ఆమె జ్యూస్ ఫ్యాక్టరీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరతానంటే, "నీ ఇష్టం, ఇంటికి ఇబ్బంది కాకుండా చూసుకో" అన్నాడు. ఆమె చూసుకుంది. నాలుగున్నరకు లేచి వండి, డబ్బాలు కట్టి, రెండు బస్సులు మారి, గాజుసామాను కడిగి, ప్లేట్లు లెక్కపెట్టి, మళ్ళీ రెండు బస్సులు మారి వచ్చి వండింది. ఇంటికి ఏ ఇబ్బందీ కాలేదు.

ఫ్యాక్టరీలో ఆమెను లవంగమక్క అంటారు. ఆ పేరు ప్యాకింగులో పనిచేసే ఆడవాళ్ళు పెట్టారు, ఏడాదిన్నర కిందట. సీసాల మీద 'రసాయనాలు కలపలేదు' అని అచ్చు వేయాలని యజమానికి బుద్ధి పుట్టినప్పటి నుంచీ. అచ్చు వేయడం సులువే. రసాయనం లేకపోతే ఈస్టు ఊరుకోదు, అదీ చిక్కు. పళ్ళరసం పులుపుకి మిగతా క్రిములు జడుస్తాయి కానీ ఈస్టుకి అది పుట్టిల్లు. చాప కింద నీరులా పాకుతుంది. పైకి సీసా తేటగా, అమాయకంగా ఉంటుంది. ఒకరోజు మూత ఉబ్బుతుంది, విప్పితే బుస్సుమంటుంది, గ్లాసులో పోస్తే సారా కొట్టు వాసన. ఆ ఈస్టుని మొక్కల సారంతో ఆపగలమేమో చూడమని ల్యాబ్ పెద్ద ఆమెకు అప్పగించాడు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. గెలిస్తే తన ఖాతాలో వేసుకోవచ్చు, ఓడితే అసిస్టెంటు చేతకానితనం. పైగా ఆ పని కంపు కొట్టే పని, మిగతావాళ్ళెవరూ ముందుకు రాలేదు. ఆమెకు మాత్రం ఈస్టు అన్న మాట వినగానే పదహారేళ్ళ తరవాత పాత స్నేహితురాలు ఉత్తరం రాసినట్టనిపించింది. కాకపోతే ఇప్పుడు దాన్ని పెంచడం కాదు, ఆపడం. ఏమైతేనేం, మళ్ళీ దాని ముఖం చూడొచ్చు అనుకుంది.

లవంగాలు నూరింది. దాల్చినచెక్క, నిమ్మగడ్డి, దానిమ్మ తొక్క, పుదీనా, ఏది దొరికితే అది నానబెట్టి, మరగబెట్టి, వడగట్టి, యాపిల్ జ్యూసులో చుక్కలు లెక్కపెట్టి వేసింది. ఆ జ్యూసులోకి కావాలనే ఈస్టుని వదిలి, ఏది గెలుస్తుందో కాపలా కాసింది. లవంగం ఈస్టుని చంపింది, జ్యూసునీ చంపింది. తాగినవాళ్ళు పళ్ళు తోముకున్నట్టుందన్నారు. మోతాదు సగానికి తగ్గిస్తే పన్నెండో రోజుకి మూత ఉబ్బింది. దానిమ్మ తొక్కకి నాలుక పిడచకట్టింది. పుదీనాని ఈస్టు లెక్కే చేయలేదు. ఎనిమిది నెలలు ఇలాగే గడిచాక ఒక మధ్యాహ్నం ఆమెకు తట్టింది. ఒక్కటే పెద్ద దెబ్బ ఎందుకు? దాల్చినచెక్క కాస్త, నిమ్మగడ్డి కాస్త. దేనికది ముక్కుకి కూడా తెలియనంత. రెండూ కలిపి వేసింది, పోల్చి చూసేందుకు లవంగం నూరడం మాత్రం మానలేదు. కొంత ఫలితం కనిపించింది కానీ చాలలేదు. అప్పుడు సీసాని కాస్త వెచ్చబెట్టింది. మరగబెట్టలేదు, మరిగితే జ్యూసు రుచి పోతుంది. ల్యాబులో అందరూ తరవాత దాన్ని గోరువెచ్చ పద్ధతి అన్నారు. ఒట్టి వెచ్చదనానికి ఈస్టు చావదు. ఒట్టి ఆ రెండు చుక్కలకీ చావదు. చిటికెడు ఇదీ, చిటికెడు అదీ, పైన ఆ గోరువెచ్చ, మూడూ కలిస్తే మాత్రం ఈస్టు కుక్కిన పేనులా పడి ఉంది. ముప్పై రోజులు, నలభై, యాభై. జ్యూసు తాగినవాళ్ళకి జ్యూసే తెలిసింది.

ఆ సాయంత్రం బస్సులో ఆమె తనలో తనే నవ్వుకుంటూ వచ్చింది. భోజనాల దగ్గర భర్తకు చెప్పింది. రెండు మొక్కల సారాలూ ఎంతెంత వేసిందో, ఎంత వెచ్చబెట్టిందో, కూర వడ్డించే గరిటె చేతిలోనే ఉంచుకుని చెప్పింది. ఆయన అంతా విన్నాడు, మధ్యలో ఆపలేదు. చివర "ఓహో, మంచిదే" అన్నాడు. ఆ తరవాత, "కూరలో ఉప్పు కాస్త తక్కువైంది కదూ" అన్నాడు. నిజంగానే తక్కువైంది. ఆమె లేచి ఉప్పు డబ్బా తెచ్చింది.

ల్యాబ్ పెద్ద మాత్రం పొంగిపోయాడు. "మనం సాధించాం" అన్నాడు. ఆ 'మనం'లో తన వాటా ఎంతో ఆమె అడగలేదు. అరవయ్యో రోజు సీసాల్లో బతికిన ఈస్టు ఏమీ లేదని తేలితే రిపోర్టు పై ఆఫీసుకి వెళ్తుంది, అందులో ఆమె పేరు ఉంటుంది, ఆమె అసిస్టెంటు కాదు, అనలిస్టు అవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, కిటికీ పక్క బల్ల ఆమెదవుతుంది. ఆ బల్ల రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. మీద పాత కేటలాగులు పేర్చి ఉంటాయి. ఆమె రోజూ ఏదో ఒక వంకతో దాని పక్క నుంచి వెళ్ళేది. ఒకసారి ఎవరూ లేనప్పుడు కేటలాగులు పక్కకి జరిపి, ఎండ ఎక్కడ పడుతుందో అరచేయి ఆనించి చూసుకుంది. నలభై రెండేళ్ళ మనిషికి ఒక బల్ల మీద ఇంత మోజేమిటని తనకే సిగ్గేసింది. సిగ్గేసినా చేయి తీయలేదు.

అరవయ్యో రోజు సీసాలు విప్పి ఒక్కొక్క చుక్క ప్లేట్ల మీద పరిచింది. ప్లేటంటే గాజు మూతలో జెల్లీ. అందులో ఈస్టుకి కావలసిన తిండంతా ఉంటుంది, మందు ఉండదు. బతికిన కణం ఒక్కటున్నా అక్కడ పెరిగి తెల్లని చుక్కలా కనబడుతుంది. ఐదు రోజులు వెచ్చని పెట్టెలో ఉంచి, ఐదో రోజు లెక్కపెట్టి, వెంటనే ఆవిరి కుక్కర్లో వేసి ఉడికించి పారేయాలి. అదీ నియమం. ఐదో రోజు గురువారం. ఎనిమిది ప్లేట్లూ వెలుతురుకి ఎత్తి చూసింది. అద్దంలా ఉన్నాయి. నోట్‌బుక్కులో సున్నా అని ఎనిమిదిసార్లు రాసింది. ప్లేట్లు కుక్కర్లో వేయబోతుంటే ఫోను మోగింది. ఆడపడుచు కుటుంబం చెప్పాపెట్టకుండా దిగిందట, అత్తగారికి చేయి ఆడటం లేదట. "వీలైతే కాస్త ముందు రా, వీలుకాకపోతే ఏదో తంటాలు పడతాం" అన్నాడు భర్త. ఆయన ఎప్పుడూ వీలైతేనే రమ్మంటాడు. ఆమె శనివారం దాకా సెలవు చీటీ రాసి పరుగెత్తింది. ఆ కంగారులో మళ్ళీ వెచ్చని పెట్టెలోకే తోసేసిన ప్లేట్లు అక్కడే ఉండిపోయాయి. ఆరేళ్ళలో ఎన్నడూ చేయని పొరపాటు.

ఆ మూడు రోజులూ తొమ్మిది మందికి మూడు పూటలా వండింది. అందరూ కలిసి తిన్నారు, ఆమె తరవాత తిన్నది. ఎవరూ ముందు తినొద్దనలేదు. "నువ్వూ కూర్చో" అని భర్త ప్రతిపూటా అన్నాడు, అని కంచం ముందుకు జరిపాడు వడ్డించమని. శనివారం ఆడపడుచు అడిగింది, "ఇంతకీ నీ ఉద్యోగం ఏమిటే?" అని. ఆమె నోరు తెరిచేలోపు భర్త అందుకున్నాడు. "జ్యూసులో మసాలా వేస్తుందే నీ మరదలు!" అని తన అక్కతో అనడంతో పెద్ద నవ్వు లేచింది. అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. అందరూ నవ్వాక ఆమె భుజం మీద చేయి వేసి, "ఊరికే అన్నాలే, మా ఇంటి సైంటిస్టు" అని కూడా అన్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, పనికిరాకపోయినా నీళ్ళు మాత్రం పోస్తుంటారు. భుజం మీద ఆ చేయి వెచ్చగా ఉంది. ఆమెకు ఒక క్షణం దాని మీద తల వాల్చాలనిపించింది. ఈలోగా ఎవరో మంచినీళ్ళు అడిగారు.

సోమవారం పొద్దున బస్సులో ప్లేట్లు గుర్తొచ్చి గతుక్కుమంది. ల్యాబ్ పెద్ద చూసేలోపు ఉడికించేయాలని నేరుగా వెచ్చని పెట్టె దగ్గరికి వెళ్ళింది. మొదటి ప్లేటు తీసి, అలవాటు కొద్దీ వెలుతురుకి ఎత్తింది. ఒక మూల తెల్లగా ఆవగింజంత చుక్క. పక్కన ఇంకోటి. రెండో ప్లేటులో ఐదు. ఎనిమిది ప్లేట్లలో మొత్తం నలభై ఒకటి. బయటి క్రిమి పడిందేమోనని ఒక చుక్కని సూదితో తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. అవే. అరవై తొమ్మిది రోజుల కిందట తన చేత్తో సీసాల్లో వదిలినవే. గుండ్రని తల్లి కణాలు, ప్రతిదాని పక్కనా ఒక చిన్న బుడిపె. ఆమెకు ముందుగా కలిగింది సంతోషం. చెప్పకూడని సంతోషం. ఏడాదిన్నర కష్టం బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంటే, ఆ మైక్రోస్కోపు మీద వంగి, "బతికే ఉన్నారా!" అంది పైకే. కళ్ళజోడు మసకబారింది.

స్టూలు మీద కూలబడింది. చావలేదవి. దెబ్బతిన్నాయి, ఆగిపోయాయి. ఐదో రోజుకి లేచే ఓపిక కూడా లేకపోయింది, అందుకే ఐదో రోజు చూసినవాళ్ళకి సున్నా. ఎవరూ కదపకుండా, ఏ చుక్కా కలపకుండా, తిండీ చోటూ ఇచ్చి ఇంకో నాలుగు రోజులు వదిలేస్తే లేచాయి. అలా వదిలేయడం కూడా ఎవరూ బుద్ధిపూర్వకంగా చేయలేదు, మరిచిపోయి చేశారు. ఇలా ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఎక్కడో ఈస్టుని దాటి తన దగ్గరికి వచ్చేసింది. విషం తన ఇంట్లో కూడా ఎవరూ పెట్టలేదు. పెడితే తెలిసేది, ఉమ్మేసేది. చిటికెడు పళ్ళ డాక్టరు కుర్చీ, చిటికెడు ఆరు నెలలు ఆగు. దేనికది లెక్కలోకి రానంత, ఎవరికైనా చెబితే ఇంతేనా అనేంత. ఆ రెండు చిటికెలకే తను ఆగిపోయేది కాదు. వాటి పైన భుజం మీద ఆ చేయి ఉంది, నువ్వూ కూర్చో అన్న మాట ఉంది. ఆ గోరువెచ్చ లేకపోతే ఏ మోతాదూ పనిచేసేది కాదు. తన పద్ధతి తన మీదే పదహారేళ్ళుగా నడుస్తోందని, కనిపెట్టింది తనే అయినా తనకే తెలియలేదని ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్ళూ ఆమె ఆశపడింది బల్ల కోసం కాదు. తననెవరూ కదపని ఒక తొమ్మిది రోజుల కోసం.

ల్యాబ్ పెద్ద రిపోర్టు పట్టుకుని వచ్చాడు. శుక్రవారమే రాసేశాడట. 'ఈ పద్ధతి ఈస్టును పూర్తిగా చంపును' అని నల్లటి అక్షరాలతో ఉంది. కింద లెక్కపెట్టినవారి సంతకం ఖాళీ. ఆమె ప్లేట్లు చూపించింది. ఆయన చూశాడు, తలుపు వైపు చూశాడు, గొంతు తగ్గించాడు.

"చూడమ్మా, పద్ధతి ప్రకారం ఐదు రోజులు. ఐదో రోజు సున్నా. ఆ తరవాత ఏది మొలిచినా అది మన ప్లేటు కాదు, చెత్తబుట్టది. కుక్కర్లో పడెయ్."

ఆమె నెమ్మదిగానే చెప్పింది. ఈ మొక్కల సారాల వాసన కొంత ప్లాస్టిక్కుకి పడుతుంది, కొంత ఎండకి విరుగుతుంది. సీసాలు రేకుల షెడ్లలో వారాల తరబడి పడి ఉంటాయి. మందు తగ్గిన రోజు ఇవి లేస్తాయి. అందుకని చంపుతుందని రాయకూడదు, ఆపుతుందని రాయాలి. ఎంతకాలం ఆపుతుందో చెప్పాలంటే పరీక్ష మళ్ళీ చేయాలి, ఈసారి ప్లేట్లు పదిహేను రోజులు ఉంచాలి. ఆయన అంతా విని నిట్టూర్చాడు. పెరగకుండా పడి ఉంటే చాలదా, కొనేవాళ్ళకి కావలసింది అదేగా అన్నాడు. తన మంచి కోరే చెబుతున్నానన్నాడు. చివర కిటికీ పక్క బల్ల వైపు చూపించి, "కేటలాగులు ఇవాళే తీయించేద్దామనుకున్నాను" అన్నాడు. ఆమె కూడా అటు చూసింది. ఇంకా ఎండ రాలేదు. వచ్చే చోటు ఆమెకు తెలుసు. ఆ క్షణంలో సంతకం పెట్టెయ్యాలని ఆమె చేయి ఎంత లాగిందో దేవుడికే తెలియాలి. ఐదో రోజు సున్నా అని రాసింది తనే, అబద్ధం కూడా కాదు.

ల్యాబు నోట్‌బుక్కుకి పేజీ నంబర్లుంటాయి. చింపకూడదు, కొట్టేయకూడదు, రిపోర్టుతో పాటు పై ఆఫీసుకి వెళ్ళాలి. ఆమె పెన్ను తీసింది. ఎనిమిది సున్నాల కింద, 'తొమ్మిదో రోజు: నలభై ఒకటి. బతికే ఉన్నాయి' అని రాసి, అప్పుడు దాని కింద సంతకం పెట్టింది. ల్యాబ్ పెద్ద ముఖం మాడిన రొట్టెలా అయింది. రిపోర్టులో పెట్టాల్సిన సంతకం నోట్‌బుక్కులో పెట్టినందుకు ఆ వారమంతా ఆమెతో మాట్లాడలేదు.

శనివారం పై ఆఫీసు నుంచి జవాబొచ్చింది. అచ్చు ఆపారు, పరీక్ష మళ్ళీ చేయమన్నారు. ల్యాబ్ పెద్ద ఆ కాగితం ఆమె ముందు పడేసి, నువ్వే తెచ్చిపెట్టుకున్నావు కాబట్టి నువ్వే చేయాలన్నాడు. సీసాలు పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ చూడాలి, అరవై రోజులు ఒక్క పూట కూడా తప్పకూడదు, బల్ల మాట ఆ తరవాత ఆలోచిద్దాం. రెండు బస్సులు మారి వచ్చే ఆడమనిషి వల్ల కాదని చెప్పిస్తే సరిపోతుందని ఆయన ఎత్తు. ల్యాబు వెనక ట్రైనీల కోసం కట్టిన గది ఒకటి ఖాళీగా ఉందని ఆమెకు తెలుసు. మంచం, కొళాయి, ఒక కిటికీ. తాళం చెవి అడిగి తీసుకుంది.

ఆదివారం పొద్దున వంటింట్లో బఠాణీలు ఒలుస్తున్న అత్తగారికి ముందు చెప్పింది. ఎందుకో ఆవిడకే ముందు చెప్పాలనిపించింది. ప్లేట్ల సంగతీ, మరిచిపోయిన సంగతీ, చుక్కల సంగతీ అంతా చెప్పింది. అత్తగారు తిట్లు లంకించుకుంటుందని సిద్ధపడి ఉంది. ఆవిడ గుప్పెడు బఠాణీలు ఒలిచింది. ఆ తరవాత అడిగింది, "ఆ నాలుగు రోజులూ వాటినెవరూ ముట్టుకోలేదా?"

"లేదత్తయ్యా."

"అదీ" అంది ఆవిడ. అని, చేతిలో ఉన్న కాయకేసి కాసేపు చూస్తూ ఉండిపోయింది. ఆవిడకు డెబ్బై మూడేళ్ళు. పెళ్ళికి ముందు ఆవిడ ఏం చేయాలనుకునేదో ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. తిరిగొచ్చాక అడగాలనుకుంది.

పదిహేనేళ్ళ కూతురు మాత్రం, "మరి నా బాక్సు ఎవరు కడతారు?" అంది. నాయనమ్మ బఠాణీల గిన్నె దాని ఒళ్ళో పెట్టి, "చేతులున్నాయిగా, ఒలువు" అంది.

భర్త గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆమె సంచిలో నాలుగు జతల బట్టలు, కళ్ళజోడు పెట్టె, పదహారేళ్ళ కిందటి నోట్సు సర్దుకుంటోంది. ఆయన గొంతు పెంచలేదు. ఇంటి నుంచి వెళ్ళి చేసే వీల్లేదా అని అడిగాడు. వేరే ఎవరూ లేరా అన్నాడు. ఉన్నారు, నేనే చేస్తానన్నాను అంది. ఆయన మంచం చివర కూర్చున్నాడు. ఆయన ముఖం చూస్తే ఆమెకు జాలేసింది. పరీక్షలో పాఠంలో లేని ప్రశ్న వచ్చిన పిల్లాడి ముఖంలా ఉంది. ఒక్క మాట అడుగుతాడేమోనని ఆమె చీర మడత పెడుతూ పెడుతూ ఆగింది. ఎన్ని బతికాయి అని. వారం రోజులుగా ఆ నలభై ఒకటి ఆమె నాలుక చివర ఉంది. ఆ ఒక్క ప్రశ్న అడిగితే సంచి కింద పెట్టి పక్కన కూర్చుని అంతా చెప్పేది. బహుశా ఆ తరవాత కూడా వెళ్ళేది, కానీ వేరేలా వెళ్ళేది.

"నేనేం తక్కువ చేశాను?" అన్నాడు ఆయన. "ఒక్కనాడైనా చెయ్యెత్తానా? గట్టిగా అరిచానా? ఉద్యోగం వద్దన్నానా?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. పదహారేళ్ళూ ఒకసారి వెనక్కి తిప్పి చూసింది. ఆయన చెప్పినవన్నీ నిజమే.

"లేదండీ" అంది. "మీరెప్పుడూ గోరువెచ్చగానే ఉన్నారు. కాస్త వేడిగానో, కాస్త చల్లగానో ఉండి ఉంటే నాకు ఎప్పుడో తెలిసిపోయేది."

ఏం తెలిసేదని ఆయన అడగలేదు. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. తగిలించుకుంటుంటే చేయి ఆయన ముఖం దగ్గరగా వెళ్ళింది. ఇవాళ ఆదివారం, అయినా లవంగం వాసన వేస్తూనే ఉంది. ఆయన తల పక్కకి తిప్పుకోలేదు. ఒక్క క్షణం ఆ మణికట్టు అందుకుంటాడేమోనని ఆమె ఒళ్ళంతా ఎదురుచూసింది. సిగ్గు లేకుండా, పెళ్ళైన కొత్తలోలాగే ఎదురుచూసింది. ఆయన లేచి, అలవాటైన మెత్తదనంతో సంచి పట్టీ సరిచేశాడు.

"సరే, వెళ్ళు. నాలుగు రోజులు ఉండి చూడు. నీకే విసుగొస్తుంది. ఐదో రోజున నేనొచ్చి తీసుకొస్తాను."

ఆమె గుమ్మం దాటి, చెప్పులు వేసుకుని, వెనక్కి తిరిగింది.

"ఐదో రోజుకి ఏమీ కనిపించదండీ" అంది. "తొమ్మిదో రోజు దాకా ఆగండి."